పాచిక తెర వెనుక పడరాదు

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టును కూర్చుండి, తామెవ్వరో ఆ పూటకు మఱచి, ఒకడు పడవ సరంగుగా, ఒకతె వైద్యురాలిగా, మఱియొకడు కోట కావలివాడుగా మాటలాడుకొనుచు, నడుమనడుమ పాచికలు వేసి, ముందుగా ఎవ్వరును వ్రాసియుంచని కథనొకదానిని గంటల తరబడి నడుపుకొను ఆటను నేడు మన పట్టణములలోని విద్యార్థులు కొందఱును, దేశాంతరములందు పెరిగిన మన బిడ్డలు కొందఱును ఆడుచున్నారు. దీనిని వారు రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు, నేను బల్లయాట యందును. ఇందు పందెము లేదు. తుదకు ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అను లెక్కయు సాధారణముగా ఉండదు. ఒకరు సూత్రధారులై లోకమునంతటిని తమ నోట పలికింతురు. వాన కురిసినను, ఏరు పొంగినను, సత్రపు యజమాని విసిగికొన్నను, శత్రువు కత్తి దూసినను ఆ మాట వారిదే. తక్కినవారికి తమతమ పాత్ర ఏమి చేయునో చెప్పుటకు మాత్రమే అధికారము. ఒకరి చేతిలో లోకమంతయు, ఇతరుల చేతులలో తలకొక ప్రాణియు ఉన్న ఈ విషమమైన పంపకమునందు న్యాయమెట్లు నిలుచును? ఆటగాని స్వేచ్ఛ మాటవరుసకు మిగిలిపోక నిజమగుటకు ఏమి కావలెను? ఇది పిల్లల వేడుకకు సంబంధించిన చిన్న సంగతియని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. అధికారము గలవాడు తన్ను తానెట్లు నియమించుకొనవలెనో, అది లేనివాడు తన నిర్ణయమునకు తానెట్లు బాధ్యుడు కావలెనో పిల్లలు అనుభవపూర్వకముగా నేర్చుకొను తావులు మనకు మిక్కిలి తక్కువ.

ఈ ఆటకు మూలము యుద్ధవిద్య. ప్రష్యా దేశమున రైస్విట్స్ అనునతడు 1812లో తన రాజునకు చూపిన యుద్ధక్రీడను అతని కుమారుడు 1824లో నియమబద్ధము గావించి ప్రకటింపగా, అచటి సైనికాధికారులు పటముపై దళములను జరిపి, పాచికలచే నష్టములను లెక్కించుచు, ఒక మధ్యస్థుని తీర్పునకు లోబడి అభ్యాసము చేసిరి. కాలక్రమమున నియమములు పెరిగిపెరిగి ఆటయే కదలని స్థితి రాగా, 1876లో వెర్డీ దు వెర్నువా అను సైనికాధికారి పట్టికలను ప్రక్కకు నెట్టి, అనుభవజ్ఞుడైన మధ్యస్థుని విచక్షణకే భారమంతయు అప్పగించెను. నియమమా, మధ్యస్థుని బుద్ధియా అను వివాదము నేటికిని తీరలేదు. 1969లో అమెరికాయందలి మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ అను యువకుడు బ్రౌన్‌స్టైన్ అను కల్పిత పట్టణమును సృష్టించి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క మనుష్యుని పాత్రను ఒసగి ఆడించినప్పుడు, వారందఱును అతడు తలపెట్టిన త్రోవను విడిచి తమకు తోచినట్లు ప్రవర్తింపగా, ఆట చెడిపోయినదని అతడు చింతించెను. ఆడినవారు మాత్రము మఱల ఆడింపుమని కోరిరి. ఆ చెడిపోయిన ఆటయే బీజముగా, డేవ్ ఆర్నెసన్, గారీ గైగాక్స్ అను నిరువురి చేతులలో, 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అను గ్రంథము వేయి ప్రతులతో వెలువడినది. సూత్రధారుడు కలనైనను తలపని పనిని ఆటగాడు చేయుటయందే ఈ క్రీడ జన్మించినది. ఆ జన్మరహస్యమును మఱచిన సూత్రధారుడు ఎంత చక్కని కథను చెప్పినను, అతడు చెప్పునది కథయే కాని ఆడించునది ఆట కాదు.

మన నేలమీది కథనే ఉదాహరణముగా గైకొందము. 1832-33లో వచ్చిన నందన కరువు కృష్ణా గుంటూరు సీమలను పాడుచేసినది. బెజవాడ ఆనకట్ట అప్పటికి లేదు, 1855లో గాని అది పూర్తికాలేదు. ఆ కాలమున దివిసీమ చేరువ పల్లెయొకటి కథాస్థలమనియు, ఆటగాండ్రలో ఒకడు ధాన్యపు వర్తకుడు, ఒకడు కరణము, ఒకతె పిల్లలతో బయలుదేరిన కూలి తల్లి, ఒకడు రేవులోని పడవవాడు అనియు అనుకొందము. వర్తకుడు గాదెను తెఱవవచ్చును, దాచవచ్చును, రాత్రికి రాత్రి గింజలను పడవకెక్కించి బందరు చేర్చి అధిక ధరకు అమ్ముకొనవచ్చును. అతడు గాదె తెఱచి ఊరిని రక్షించుటయే ధర్మమని సూత్రధారుడు మనసులో ముందే నిశ్చయించుకొని, పడవ సిద్ధము చేయగానే పడవకు చిల్లు పడినదనియు, బండి కట్టగానే ఎద్దు కుంటినదనియు, కాలినడకను పోదునన్నచో దారిలో దొంగలు పట్టుకొనిరనియు చెప్పుచు పోయినచో ఏమగును? కడకు విసిగి వేసారి ఆ ఆటగాడు గాదె తెఱచును. ఊరు బ్రదుకును. కాని గాదెను తెఱచినది అతడు కాదు. ఆ పుణ్యమునందు అతనికి గవ్వంతయు పాలు లేదు. పాపము చేయుటకు అవకాశము నిజముగా ఉండి, చేయక మానినవానికి గదా పుణ్యము! మంచి ఫలితము కొఱకే త్రోవలన్నియు మూసితిని అను సూత్రధారుని సమాధానము నాకు ఏమాత్రమును సమ్మతము కాదు. ఆ వర్తకుడు గింజలను బందరునకే తరలించెనేని, తిరిగి వచ్చునప్పటికి ఊరిలో ఎన్ని ఇండ్లు పాడుపడెనో, తన్ను చూచి ఎవరు తలుపు వేసికొనిరో, ఆ కూలి తల్లి పాత్రను ధరించిన తన స్నేహితురాలు తన మొగము చూచి ఏమి పలికెనో అతడు వినవలెను. సూత్రధారుని సామర్థ్యమంతయు అచట వినియోగపడవలెను.

దీనికంటె సూక్ష్మమైన అన్యాయమొకటి దయారూపమున వచ్చును. ఈ ఆటలో ఫలితము సందిగ్ధమైన పనికి, నాలుగు ముఖములది మొదలు ఇరువది ముఖములది వఱకు గల పాచికలలో తగినదానిని వేయుదురు. సూత్రధారుడు తన పటములు, రహస్యములు ఇతరుల కంటబడకుండ ముందొక అట్టతెరను నిలుపుకొని, తన పాచికలను దాని వెనుక వేయుట వాడుక. ప్రియమైన పాత్రకు ప్రాణాపాయము రాగా, పడిన సంఖ్య ఒకటి, పైకి చెప్పు సంఖ్య మఱియొకటి అగుచుండును. స్వయముగా గైగాక్సే 1979 నాటి తన మార్గదర్శక గ్రంథమున, అవసరమైనచో పాచికను త్రోసిపుచ్చు అధికారము సూత్రధారునకు కలదని వ్రాసియున్నాడు. ఆట కనిపెట్టినవానితో విభేదించుట సాహసమే యైనను, ఈ విషయమున నేను విభేదించుచున్నాను. పాత్ర చనిపోవుట మీకు ఇష్టము లేనియెడల, చనిపోవునట్టి పాచికను వేయకుడు. ఈ పోరులో ఓడినచో చెఱ పట్టుబడుదురు గాని చావరు అని ముందే పలుకుడు. వేసిన తరువాత మార్చుట మాత్రము కూడదు. ఒక్కసారి మార్చినవాడు ప్రతి పర్యాయమును మార్చగలవాడే యని ఆటగాండ్రు ఏదో యొకనాడు కనిపెట్టుదురు. కనిపెట్టిననాటినుండి వారి గెలుపులన్నియు వెనుకటివి గూడ ఆయన దయాధర్మములై పోవును.

ప్రశ్నను కఠినముగా కూర్చుటకు ఒకనికి అధికారమిచ్చి, సమాధానమున మఱియొకనికి సంపూర్ణ స్వేచ్ఛనిచ్చు విద్య మనకు క్రొత్తది కాదు. అవధానము అట్టిదే, అందు ప్రశ్న వేయువాడు పృచ్ఛకుడు, పద్యమున బదులిచ్చువాడు అవధాని. బందరులో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారును, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారును తిరుపతి వేంకట కవులను పేర ఆంధ్రదేశమున ఊరూర, సంస్థానములందును అవధానములు గావించి, పండితుల యిండ్లనుండి ఆ విద్యను జనసామాన్యము నడుమకు తెచ్చిరి. అష్టావధానమున నిషేధాక్షరిని గమనింపుడు. అవధాని ఒక అక్షరమును పలుకగానే, తరువాత రానున్న అక్షరమేదో పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధించును. అవధాని తలచిన పదము అక్కడితో ఆగిపోవును. వెంటనే అతడు వేఱొక పదమునకు మరలవలెను, ఆ మరలుటయందు గణము తప్పరాదు, యతి తప్పరాదు, అర్థము చెడరాదు. ఇట్లు అక్షరమక్షరమునకు అడ్డుపడుచు, అడ్డు తప్పించుకొనుచు, తుదకు నిలిచిన పద్యము ఇరువురిలో ఎవ్వరును ముందుగా తలచినది కాదు. పృచ్ఛకుడు లేనిచో ఆ పద్యము పుట్టదు. అయినను అది పృచ్ఛకుని పద్యమని ఎవ్వరును అనరు.

ఈ వ్యవస్థలో న్యాయము ఎక్కడనున్నది? పృచ్ఛకుడు మెత్తనివాడై యుండుటలో లేదు. సమస్యాపూరణమున అసంబద్ధముగనో, అశ్లీలముగనో తోచు పాదమునిచ్చి అవధానిని చిక్కున పెట్టుటయే అతని నేర్పు. దత్తపదిలో పొంతనలేని నాలుగు మాటలు, ఒక్కొక్కప్పుడు పరభాషా పదములు ఇచ్చి వానితో భారతార్థమున పద్యము చెప్పుమనుట వాడుకయే. అప్రస్తుత ప్రసంగి యను నతనికి ఉన్న పనియే అవధాని ధారణను చెఱచుట. ఇన్ని విఘ్నములు పెట్టినను ఎవ్వరును అన్యాయమని మొఱపెట్టకుండుటకు కారణము, ప్రతి విఘ్నమును సభ యెదుట ముందుగా ప్రకటింపబడుటయే. దత్తపదికి ఇచ్చిన నాలుగు మాటలను మూడవ పాదమునొద్ద మార్చు అధికారము ఏ పృచ్ఛకునకును లేదు. ఇచ్చిన సమస్య ఛందస్సులో నిలువనిదైనచో ఆ దోషము అవధానిది కాదని సభయే తీర్పు చెప్పును. మఱియు, పూరణము చక్కగా కుదిరిన క్షణమున అందఱికంటె ముందు చప్పట్లు కొట్టువాడు ఆ చిక్కుముడి వేసిన పృచ్ఛకుడే. ప్రతిపక్షమున నుండియు ప్రత్యర్థి కాని ఆ మనస్తత్వమే బల్లయాటలోని సూత్రధారునకు అలవడవలసిన గుణములలో మొదటిదని నా నమ్మకము. ఇతర గుణములు పుస్తకమున దొరకును.

చల్లపల్లినుండి పామర్రు పోవు బాటలోనున్న కూచిపూడివారి భాగవతమునందు ఈ విద్యకు రెండవ పాఠము కలదు. సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపమున సూత్రధారుడు ప్రదర్శనమును నిర్వహించుటయే గాక, తానే సత్యభామ చెలికత్తెయైన మాధవిగా మాటలాడును, కృష్ణుని యొద్దకు పోయినపుడు మాధవుడగును. ఒకే నోట లోకమును పలికించుటయు, ఆ లోకములో ఒక చిన్న మనుష్యుడుగా నిలుచుటయు ఆయన పని. భామ తన నాథుని పేరు చెప్పుటకు సిగ్గుపడగా, పేరు చెప్పినగాని కదలనని మాధవి పట్టుపట్టు ఘట్టమున, ఆ పట్టుదలయంతయు భామ పాత్రధారి అభినయము వికసించుటకే గాని సూత్రధారుని చమత్కారము నెగ్గుటకు కాదు. వేదాంతం సత్యనారాయణశర్మ గారివంటి (1935-2012) మహానటుడు భామగా నిలుచు రంగమున సూత్రధారుడు ఎప్పుడు మాటను పొడిగించవలెనో, ఎప్పుడు తగ్గి ప్రక్కకు తొలగవలెనో ఎఱిగినవాడై యుండవలెను. బల్లయాటలో క్రొత్తగా సూత్రధారులగు యువకులు తాము సృష్టించిన మాంత్రికులనో, రాజులనో ముందుకు తెచ్చి గంటసేపు తామే మాటలాడుచుండుట నేను చూచియున్నాను. వారికి కోపము వచ్చినను చెప్పవలసిన మాట ఒకటే: మీరు మాధవి, సత్యభామ కారు.

అయితే భాగవతమునకును ఆటకును గల భేదమును కూడ విస్మరింపరాదు. పాండవోద్యోగ విజయ నాటకములను మన డెల్టా పల్లెలలో రాత్రులకు రాత్రులు ఆడునపుడు ప్రేక్షకుడు ఒన్స్ మోరని కేకవేసి ఒకే పద్యమును మరల మరల పాడించుకొనగలడు గాని, కృష్ణరాయబారమును సఫలము చేయలేడు. చేయవలెనని కోరడు కూడ. తెలిసిన ఫలితమును ఎంత రసవంతముగా చేరుదుమనుటయే నాటకమునకు ప్రాణము. ఆ రుచికి అలవడిన మనవారు బల్లయాటను గూడ నాటకముగనే నడుపబోవుదురు. బల్లయాటలో రాయబారము ఫలింపవచ్చును. ఫలించుటకు వీలులేని రాయబారమునకు ఆటగానిని పంపి, రెండు గంటలు మాటలాడించి, యుద్ధము తప్పదని ముగించుట అతని కాలమును అపహరించుటయే.

ఇంతవఱకు సూత్రధారుని ధర్మమును చెప్పితిని. ఆటగానికి ధర్మము లేదని దీని భావము కాదు. భారతమున ద్యూతసభను తలచుకొన్నప్పుడు మనకు శకుని పాచికలే స్ఫురించును. కాని అచటి అధర్మము పాచికలకంటె ముందే మొదలైనది. పణము దుర్యోధనునిది, ఆడువాడు శకుని. ఒకనికొఱకు మఱియొకడు ఆడుట విషమమని ధర్మరాజు ఆక్షేపించియు, పిలిచిన పిదప వెనుదీయరాదను తన నియమమునకు కట్టుబడి కూర్చుండెను. పిదప ద్రౌపది, తన్ను తానోడినవాడు నన్ను ఒడ్డుటకు అర్హుడా అని సభను ప్రశ్నించినది. అది కేవలము ఆట నియమమును గూర్చిన ప్రశ్న. అంతటి భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. కౌరవ సోదరులలో వికర్ణుడొక్కడు లేచి ఆమె పక్షమున పలికెను. ఆట మధ్య ఒకరు లేచి ఇది న్యాయమా అని అడిగినపుడు ఆట ఆపి సమాధానము చెప్పని సభ ఎంత పెద్దలతో నిండినను సభ కాదు. బల్ల చుట్టు కూర్చున్న పదునాలుగేండ్ల పిల్లవానికి గూడ ఆ ప్రశ్న వేయు హక్కు ఉండవలెను. సమాధానము చెప్పుటకు ఐదు నిమిషములు పోయినను కథ పాడుకాదు.

ఆ హక్కుతో పాటే కట్టుబాటును వచ్చును. నా పాత్ర స్వభావమే అట్టిది అను సాకుతో తోటివారి సంచులు దొంగిలించి, వారి రహస్యములను శత్రువునకు చేరవేసి, ప్రతి సంభాషణను పోట్లాటగా మార్చి, అదియే స్వేచ్ఛ యనువారు కొందఱు ఉందురు. ఆ పాత్రను ఎన్నుకొన్నవాడు తానే. స్వభావము మీద నేరము మోపుట చెల్లదు. ఐదుగురి స్వేచ్ఛను మ్రింగి ఒకడు అనుభవించునది స్వేచ్ఛ యనిపించుకోదు. అట్టివానిని కథలోని శిక్షలతో దండింప చూచుట కంటె, ఆట ఆపి, ఎదురుగా కూర్చుండి, మనుష్యునితో మనుష్యుడు మాటలాడుట మేలు.

మఱియొక విషయమును కృష్ణా డెల్టా ప్రాంతమువాడనుగా ప్రత్యేకించి చెప్పవలెను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు గ్రామములను తుడిచిపెట్టి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ రాత్రి తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములు అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక ప్రాంతములందు నేటికిని కలవు. ఎఱుగని సూత్రధారుడొకడు కథలో సముద్రమును ఊరిమీదికి తెచ్చి, శవముల నడుమ వెదకుకొనుమని ఆటగానిని పంపినచో, అట్టి కుటుంబపు మనుమరాలు ఆ బల్లయొద్ద కూర్చుండి యుండవచ్చును. అందుచేత ఆట మొదలిడుటకు ముందే అందఱును కూర్చుండి, ఈ కథలో ఏమి రావచ్చును, ఏది రాకూడదు అని మాటలాడుకొని, కారణము అడుగకయే ఒకరి కోరికను తక్కినవారు మన్నించు ఆచారమును ఈ ఆట ఎఱిగిన పాశ్చాత్యులు ఏర్పఱచుకొన్నారు. అది పిఱికితనమని ఎగతాళి చేయువారితో నేను ఏకీభవింపను. నియమములను ముందుగా చెప్పుట న్యాయమైనచో, గాయములను ముందుగా తెలిసికొనుట అంతకంటె న్యాయము.

పాచిక యనగానే మన పెద్దలకు జూదము తలపునకు వచ్చుట సహజము. ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టము పుట్టినదియు ఈ ఆట అచ్చయిన 1974లోనే. దానిని 2020లో సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించిరి. 2025లో పార్లమెంటు దేశమంతటికి అట్టి శాసనమును చేసినది. పేకాటలో రమ్మీ ప్రధానముగా నైపుణ్యముతో కూడినదని సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు చెప్పినను, డబ్బు ప్రవేశించిన చోట ఎన్ని కుటుంబములు కూలినవో మనమెఱిగినదే. బల్లయాటలో ఒడ్డుటకు ఒక్క రూపాయియు లేదు. కావలసినవి కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు, ఒక సాయంకాలము. వైకుంఠపాళిలో పిల్లవానికి ఎంపిక లేదు, పాము నోట పడుటయు నిచ్చెన ఎక్కుటయు పాచిక వ్రాత. మూడు పులులు పదునైదు మేకల పులిజూదములో ఎంపికయంతయు వానిదే, అదృష్టమునకు తావు లేదు. ఎంపికయు అదృష్టమును కలిసి, ఆ రెంటిమీద మాటనేర్పు చేరిన ఆట వానికి ఇంకను అందలేదు.

అందకపోవుటకు ముఖ్యకారణము మనకు దొరకు గ్రంథములు చాలవఱకు ఇంగ్లీషున నుండుటయే. తెలుగు మాధ్యమమున చదువుకొన్న పల్లెటూరి బాలిక, పాత్రను తాల్చి తన మాటలలో తాను వాదింపవలసిన తరుణమున, పరభాషాపదముల కొఱకు తడుముకొనుచు మూగబోవును. ఆటలో ఆమె స్వేచ్ఛకు తొలి సంకెల అదియే. కాబట్టి ఇరువది పుటలకు మించని తెలుగు నియమపుస్తకమును సిద్ధము చేయుడని ఈ ఆట ఎఱిగిన యువకులను కోరుచున్నాను. కథాస్థలములకు నందన కరువు కలదు, ఆనకట్ట కట్టిన దినములు కలవు, బందరు రేవు కలదు. అవధానములు ఏర్పాటు చేయుచున్న అమెరికా తెలుగు సంఘములు ఆ సభల ప్రక్కనే పిల్లలకొక బల్ల వేయవచ్చును. చల్లపల్లిలోను, పరిసర గ్రామములలోను గ్రంథాలయములు నడుపువారు, తెలుగు ఉపాధ్యాయులు వచ్చు వేసవి సెలవులలో వారమునకొక సాయంకాలము తమ గదిని ఇందుకు ఒసగుదురుగాక. నియమములు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసి యుంచుడు. పిల్లలచేతనే వంతులవారీగా సూత్రధారత్వము చేయింపుడు. తెర నిలుపకుడు, పాచికను అందఱి యెదుట వేయింపుడు.